ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లో నీళ్లు: దించి పోయాలా, ఆరబెట్టాలా, గేర్‌బాక్స్ విప్పాలా?

డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలలా తెల్లగా కనబడిందనుకోండి, సైట్‌లో ఉన్న నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. ఒకాయన ఆయిల్ దించేసి కొత్తది పోసేయమంటాడు. ఇంకొకాయన బండి బాగా వేడెక్కేదాకా నడిపితే నీళ్లు ఆవిరైపోతాయంటాడు. మూడో ఆయన ఆయిల్‌ని ఆరబెట్టే మెషిన్ అద్దెకు తెద్దామంటాడు. గేర్‌బాక్స్ విప్పాల్సిందే, లేకపోతే ముట్టుకోవద్దు అని నాలుగో ఆయన పట్టు. ఇందులో బండి నడిపి ఆవిరి చేద్దామన్న సలహాని మాత్రం పక్కన పెట్టేయండి. మిగతా మూడూ ఒక్కో పరిస్థితిలో సరైనవే. మీ బండికి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి ఏమేం చూడాలో చెబుతాను.

ఇక్కడ మాట్లాడేది లోడర్లు, డోజర్లు, గ్రేడర్లు, డంపర్లలో ఉండే పవర్‌షిఫ్ట్ ట్రాన్స్‌మిషన్ గురించి. అంటే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది), ఆయిల్‌లో మునిగి పనిచేసే క్లచ్ ప్యాక్‌లు, బయట ఒక ఆయిల్ కూలర్ ఉన్నవి. పొడి క్లచ్ ఉన్న మామూలు గేర్‌బాక్స్ అయితే నీళ్ల బాధ గేర్లకీ బేరింగులకీ మాత్రమే. పవర్‌షిఫ్ట్‌లో అసలు టెన్షన్ క్లచ్ ప్లేట్ల గురించి. ఆయిల్‌లోంచి నీళ్లు తీసేయడానికి చాలా దారులున్నాయి. ప్లేట్ల లైనింగ్ (పట్టు కోసం వేసే పొర) ఒకసారి నీళ్లు పీల్చి వదులైతే దాన్ని తిరిగి అతికించే దారి ఏదీ లేదు. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

ఇంకొక మాట. ఆయిల్ తెల్లగా కనబడిన క్షణం నుంచి నిర్ణయం అయ్యేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. షెడ్డుదాకా తోలుకెళ్దాం అన్న ఆలోచన కూడా వద్దు. అడుగున తేరిన నీళ్లను పంపు లాగి, చిలికి, ప్రతి క్లచ్ ప్యాక్‌లోకీ పంపేది ఆ కొద్ది ప్రయాణమే.

ముందుగా తేలాల్సింది: మామూలు నీళ్లా, కూలెంటా?

నా లెక్కలో మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. మామూలు నీళ్లయితే మీ ముందు మూడు నాలుగు దారులుంటాయి. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే రేడియేటర్ ద్రవం) అయితే ఆ దారుల్లో సగం మూసుకుపోతాయి.

మామూలు నీళ్లు సాధారణంగా పైనుంచి వస్తాయి. ప్రెషర్ వాషర్‌తో బండి కడిగేటప్పుడు బ్రీదర్ (కేసింగ్ గాలి పీల్చి వదిలే చిన్న మార్గం) మీద నేరుగా కొడితే లోపలికి పోతాయి. డిప్‌స్టిక్ మూత సరిగా బిగియకపోయినా, కంట్రోల్ వాల్వ్ కవర్ గ్యాస్కెట్ చెడినా అంతే. వాగు దాటించేటప్పుడు జరిగేది ఇంకా నష్టం. వేడిగా ఉన్న కేసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఆ ఖాళీని నింపడానికి బ్రీదర్, సీళ్లు నీళ్లను పీలుస్తాయి. చాలా రోజులు నిలబడి ఉన్న బండిలో పగటి వేడికీ రాత్రి చలికీ లోపలి తేమ చెమ్మగా పట్టి కిందికి కారుతుంది. దీనివల్ల చేరేది కొద్ది నీళ్లే.

కూలెంట్ మాత్రం ఆయిల్ కూలర్ నుంచి వస్తుంది. చాలా బండ్లలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ని చల్లబరిచేది ఇంజిన్ కూలెంటే. కూలర్ లోపల ఒక ట్యూబ్‌కి సన్నటి చిల్లు పడిందనుకోండి. బండి నడుస్తున్నంతసేపూ ఆయిల్ ప్రెషర్ కూలెంట్ ప్రెషర్ కన్నా ఎక్కువ కాబట్టి ఆయిలే రేడియేటర్‌లోకి పోతుంది. ఇంజిన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా అవుతుంది, రేడియేటర్ మాత్రం వేడి మీద ఇంకా ప్రెషర్‌లోనే ఉంటుంది. అప్పుడు కూలెంట్ వెనక్కి ఆయిల్‌లోకి నడుస్తుంది. అందుకే ఈ లీకు ఆపరేటర్ కంటపడదు. సాయంత్రం మామూలుగా ఉన్న ఆయిల్ పొద్దున్నే తెల్లగా ఉంటుంది. రేడియేటర్ మూత తీసి (చల్లారాకే తీయండి) పైన ఆయిల్ తెట్టు ఉందేమో చూడండి. కూలెంట్ మట్టం తగ్గుతూ, ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతూ ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ల్యాబ్‌కి శాంపిల్ పంపితే రిపోర్టులో సోడియం, పొటాషియం, బోరాన్ అంకెలు చూడండి. కూలెంట్‌లో కలిపే రసాయనాల నుంచి వచ్చేవి అవే. కొన్ని ఆయిళ్లలో బోరాన్ ముందే ఉంటుంది కాబట్టి, అదే డ్రమ్ములోని కొత్త ఆయిల్ శాంపిల్ కూడా పంపి రెండూ పోల్చుకోవాలి. కూలర్‌ని విప్పి, నీళ్లలో ముంచి, గాలి ప్రెషర్ పెట్టి బుడగలు చూడటం పాత పద్ధతే గానీ నమ్మదగ్గదే. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడికి తెరుచుకునే పగుళ్లు కూడా ఉంటాయి, అందుకే వీలైతే వేడి నీళ్లలో చూడండి.

ఎన్ని నీళ్లు ఉన్నట్టు?

ఆయిల్‌లో నీళ్లు మూడు రకాలుగా ఉంటాయి. కొంత కరిగి ఉంటుంది, అది కంటికి కనబడదు. దానికి మించితే సన్నటి తుంపరలుగా కలిసి ఆయిల్ మసకబారుతుంది, తెల్లబడుతుంది. అదీ దాటితే అడుగున విడిగా తేరుతుంది. కాబట్టి తెల్లగా కనబడిందంటే ఆయిల్ కరిగించుకోగలిగినంతకు మించి నీళ్లు చేరినట్టే. వేడి ఆయిల్ ఎక్కువ నీళ్లు కరిగించుకుంటుంది. పని మధ్యలో చూస్తే బాగానే కనిపించిన ఆయిల్ చల్లారాక మసకబారడం అందువల్లే. అనుమానం ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడండి.

సైట్‌లోనే చేయదగ్గ పరీక్ష చిటపట పరీక్ష. ఒక ఇనుప పళ్లేన్ని 150 డిగ్రీల దాకా వేడి చేసి, దాని మీద ఒక చుక్క ఆయిల్ వేయాలి. పొడి ఆయిల్ అయితే చుక్క పలచగా పరుచుకుంటుంది, అంతే. నీళ్లుంటే చిన్న చిన్న బుడగలు లేచి, చుక్క మధ్యలోకి చేరి పగులుతాయి. ఎక్కువ ఉంటే చిటపట చప్పుడు వినిపించి చుక్కలు ఎగురుతాయి. కళ్లకు రక్షణ కళ్లజోడు లేకుండా చేయొద్దు. సుమారు 500 నుంచి 1000 పీపీఎం (పది లక్షల్లో భాగాలు), అంటే 0.05 నుంచి 0.1 శాతం దాటితే ఈ పరీక్ష పట్టేస్తుంది. అసలు అంకె కావాలంటే ల్యాబ్‌లో కార్ల్ ఫిషర్ పరీక్ష చేయించాలి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి 0.1 శాతం దగ్గరే జాగ్రత్త పడాలి, 0.2 శాతం దాటితే ఏదో ఒకటి చేసి తీరాలి అన్నది నేను పాటించే గీత. మీ బండి మాన్యువల్ ఇంకా తక్కువ చెబితే అదే పాటించండి.

బేరింగుల విషయంలో ఇంకా కఠినంగా ఉన్నా తప్పులేదు. టేపర్ రోలర్ బేరింగుల మీద 1977లో ప్రచురించిన ప్రయోగాల లెక్క ప్రకారం, ఆయిల్‌లో 100 పీపీఎం నీళ్లున్నప్పటి ఆయుష్షుతో పోలిస్తే 400 పీపీఎం దగ్గర అది సగం కన్నా తక్కువకి పడిపోతుంది. 400 పీపీఎం నీళ్లు ఆయిల్‌లో ఉన్నా చాలాసార్లు కంటికి తెలియదు.

దించి కొత్త ఆయిల్ పోయడం

చాలా బండ్లకి సరైన జవాబు ఇదే. కానీ దీన్ని అరకొరగా చేయడం వల్లే, రెండుసార్లు మార్చినా తెల్లదనం పోలేదన్న ఫిర్యాదులు వస్తాయి. డ్రెయిన్ ప్లగ్ విప్పితే దిగేది సంప్‌లో, అంటే కేసింగ్ అడుగు తొట్టిలో, ఉన్న ఆయిల్ ఒక్కటే. కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో, ఫిల్టర్ హౌసింగ్‌లో, క్లచ్ ప్యాక్‌ల మధ్య మిగిలిపోయేది తక్కువేమీ కాదు.

లెక్క వేసి చూద్దాం. మొత్తం 60 లీటర్ల ఆయిల్ పట్టే ట్రాన్స్‌మిషన్, అందులో 2 శాతం నీళ్లు, అంటే లీటరుంబావు దాకా. ప్లగ్ ఒక్కటే విప్పితే 60 శాతం దిగుతుందనుకుందాం. మొదటి మార్పు తర్వాత 0.8 శాతం మిగులుతుంది. రెండోసారికి 0.32, మూడోసారికి 0.13. మూడుసార్లకు 108 లీటర్ల కొత్త ఆయిల్ పోసినా ఇంకా జాగ్రత్త గీత పైనే ఉన్నాం. ఇప్పుడు అదే బండిలో కూలర్ పైపులు రెండూ విప్పి, కూలర్‌ని పొడి గాలితో ఊది, కన్వర్టర్ హౌసింగ్‌కి డ్రెయిన్ ఉంటే అదీ తెరిచి, ఫిల్టర్ హౌసింగ్ ఖాళీ చేసి, 85 శాతం దించగలిగారనుకోండి. మొదటిసారికి 0.3 శాతం. రెండోసారికి 0.045. పోసింది 102 లీటర్లే. ఆయిల్ తక్కువ ఖర్చయింది, మిగిలిన నీళ్లు మూడో వంతుకి తగ్గాయి. అంటే దించిన ప్రతిసారీ ఎంత పూర్తిగా దించారన్నదే ముఖ్యం. ఎన్నిసార్లు మార్చారన్నది ఆ తర్వాతి మాట.

చేసే వరుస కూడా చూసుకోవాలి. మొదటిసారి మాత్రం బండిని స్టార్ట్ చేయకుండా, రాత్రంతా నిలబెట్టాక, చల్లగా ఉండగానే ప్లగ్‌ని మెల్లగా వదులు చేయండి. అడుగున తేరిన నీళ్లు ముందుగా, విడిగా వచ్చేస్తాయి. ఆ నీళ్లని ఒక సీసాలో పట్టి రంగు చూడండి, కూలెంటా కాదా అన్నది అక్కడే సగం తెలిసిపోతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి పూర్తిగా దిగేదాకా ఓపిక పట్టాలి. సక్షన్ స్ట్రైనర్, అయస్కాంతం ఉన్న ప్లగ్ శుభ్రం చేసి, కొత్త ఫిల్టర్ వేసి ఆయిల్ పోశాక, పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, లోడు లేకుండా ఆయిల్‌ని 60 - 70 డిగ్రీలకు తీసుకురండి. ఆ తర్వాత చదునైన ఖాళీ జాగాలో నెమ్మదిగా కదుపుతూ ముందుకీ వెనక్కీ అన్ని గేర్లూ కొన్నిసార్లు మార్చండి. ఏ గేర్ వేయకపోతే ఆ క్లచ్ ప్యాక్‌లో పాత ఆయిల్ అలాగే ఉండిపోతుంది. రెండోసారి మాత్రం వేడి మీదే దించాలి. ఫిల్టర్ మళ్లీ మార్చాలి. కాగితం ఫిల్టర్ నీళ్లకు ఉబ్బుతుంది, అప్పుడు బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ వడకట్టకుండానే పోతుంది. ఇక్కడ ఫిల్టర్ ఖర్చు మిగుల్చుకోవడం మంచి ఆలోచన కాదు.

కడగడానికి కూడా బండికి చెప్పిన గ్రేడు ఆయిలే వాడండి. టీఓ-4 (పవర్‌షిఫ్ట్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రమాణం) అడిగే ట్రాన్స్‌మిషన్‌లో చవకగా ఉందని ఏదో ఇంజిన్ ఆయిల్ పోస్తే క్లచ్ పట్టు తేడా వస్తుంది, అదీ కొంత లోపల మిగిలిపోతుంది. డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడగడం అయితే ఎప్పుడూ వద్దు. బేరింగుల మీద ఆయిల్ పొర పోతుంది, మిగిలినది కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది, నీళ్లు మాత్రం దాంతో పోవు.

ఆరబెట్టే మెషిన్

వాక్యూమ్ డీహైడ్రేటర్ పని తీరు చాలా చక్కటిది. ఆయిల్‌ని 60 డిగ్రీల దాకా వేడి చేసి, గాలి ఒత్తిడిని మామూలులో అయిదో వంతుకి దించితే నీళ్లు ఆ వేడికే మరుగుతాయి. ఆయిల్ మాడదు, నీళ్లు ఆవిరిగా వెళ్లిపోతాయి. మిగతా పద్ధతులు విడిగా తేరిన నీళ్లనో, తుంపరలనో పడతాయి. కరిగి ఉన్న నీళ్లలోనూ ఎక్కువ భాగాన్ని లాగగలిగేది ఇదే.

మరి అందరికీ ఇదే చెప్పొచ్చు కదా అంటే, మూడు అడ్డంకులున్నాయి. మొదటిది, మెషిన్ సంప్‌కి తగిలించి తిప్పినంత మాత్రాన క్లచ్ ప్యాక్‌ల్లో, కూలర్‌లో ఉన్న ఆయిల్ దాని దగ్గరకు రాదు. రెండోది, కూలెంట్ కలిసి ఉంటే మెషిన్ నీళ్లను తీసేస్తుంది గానీ కూలెంట్‌లోని గ్లైకాల్ అనే ద్రవం అక్కడే ఉంటుంది. ఇథిలీన్ గ్లైకాల్ మరగాలంటే దాదాపు 197 డిగ్రీలు కావాలి. పైకి ఆయిల్ మెరుస్తూ కనబడుతుంది, లోపల క్లచ్ లైనింగ్‌ని తినే పదార్థం అలాగే ఉంటుంది. చూసిన వాళ్లకి ధైర్యం ఇస్తుంది కాబట్టి ఇది మామూలు తెల్ల ఆయిల్ కన్నా ప్రమాదం. మూడోది, నీళ్లతో చాలా రోజులు కలిసి ఉన్న ఆయిల్‌లో అడిటివ్‌లు (ఆయిల్ గుణాల కోసం కలిపే రసాయనాలు) కొన్ని విరిగిపోతాయి, కొన్ని మడ్డిగా దిగిపోతాయి. ఆరబెట్టినా అవి వెనక్కి రావు.

అందుకని 50, 60 లీటర్ల ట్రాన్స్‌మిషన్‌కి ఈ మెషిన్ కోసం తిరగడం అనవసరం. వందల లీటర్ల ఆయిల్ ఉన్నచోట, ట్రాన్స్‌మిషన్‌కీ హైడ్రాలిక్స్‌కీ ఒకటే ట్యాంకు ఉన్నచోట, వచ్చింది మామూలు నీళ్లేనని ల్యాబ్ రిపోర్టు చెప్పినప్పుడు, ఆయిల్ ఇంకా కొత్తగా ఉన్నప్పుడు ఇది నిజంగా డబ్బు మిగులుస్తుంది. ఒకేచోట చాలా బండ్లు, డ్రమ్ముల కొద్దీ నిల్వ ఉన్నవాళ్లు సొంతంగా కొనుక్కున్నా దండగ కాదు. ఆరబెట్టాక శాంపిల్‌లో నీళ్ల శాతంతో పాటు చిక్కదనం, అడిటివ్‌ల అంకెలు కూడా అడిగి చూడండి.

మిగతా దారులు

నీళ్లు పీల్చే ఫిల్టర్లు ఉన్నాయి. లోపల ఒక పాలిమర్ ఉంటుంది, నీళ్లు తగిలితే ఉబ్బి పట్టుకుంటుంది. ఒక్కో ఫిల్టర్ పట్టేది తక్కువ, కరిగిన నీళ్లను తీయలేదు. పైన చెప్పిన లీటరుంబావు నీళ్లకి ఫిల్టర్లు మార్చుకుంటూ కూర్చోవాలి. రెండుసార్లు ఆయిల్ మార్చాక మిగిలిన కొద్దిపాటి చెమ్మకి, లేదా తేమలోనే పనిచేసే బండికి కాపలాగా పెట్టడానికి ఇవి బాగుంటాయి.

డ్రమ్ములో పోసి తేరనివ్వడం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం టర్బైన్ ఆయిల్ లాంటి వాటికి బాగా పనికొస్తాయి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లో అడిటివ్‌లు ఎక్కువ, అవి నీటి తుంపరల్ని పట్టుకుని వదలవు. ముఖ్యంగా ట్రాక్టర్ రకం ఆయిల్, అంటే గేర్లకూ వెట్ బ్రేకులకూ హైడ్రాలిక్స్‌కీ ఒకటే వాడేది, కొంత నీటిని తనలో కలుపుకుని ఉండేలాగే తయారవుతుంది. అది వారం పెట్టినా తేరకపోవచ్చు.

బండి నడిపి ఆవిరి చేయడం ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. సంప్ 80, 90 డిగ్రీలకు వచ్చినా ఆవిరి బయటికి పోవాల్సింది చిన్న బ్రీదర్ గుండానే. ఎక్కువ భాగం కేసింగ్ పైకప్పుకి తగిలి, చల్లారాక మళ్లీ కిందికే కారుతుంది. ఆ లోపు ఆయిల్ తగలని పై బేరింగులూ షాఫ్టులూ తుప్పు పడతాయి. క్లచ్ ప్లేట్లు పట్టుకునే క్షణంలో అక్కడి వేడికి లైనింగ్‌లోని చెమ్మ ఆవిరై, లైనింగ్‌ని వెనకనుంచి నెడుతుంది.

విప్పక తప్పని సందర్భం

ఇది తేల్చుకోవడానికి పాత ఫిల్టర్ చాలు. బాడీని ఫిల్టర్ కట్టర్‌తో కోయండి, హ్యాక్‌సా పెడితే ఇనుప రజను కలిసిపోయి ఏమీ తెలియదు. కాగితం మడతల్ని విప్పి, పిండి, వెలుతురులో పరచి చూడండి. సన్నటి బూడిద రంగు పొడి కొంచెం ఉండటం మామూలే. నల్లగా లేదా గోధుమ రంగులో, వేలితో నలిపితే పీచులా విడిపోయే ముక్కలు కనిపిస్తే అది క్లచ్ లైనింగ్. బంగారు రంగు తళుకులు కంచు లైనింగ్‌వో, బుష్‌లవో. అయస్కాంతానికి అంటుకునే పెళుసు రేకులు బేరింగ్‌వో గేర్‌వో అయి ఉంటాయి. పీచు ముక్కలు కనబడ్డాక ఎన్ని డబ్బాల ఆయిల్ పోసినా ఆ గేర్‌బాక్స్ నిలబడదు.

మీ బండిలో ప్లేట్ల లైనింగ్ ఏ రకమో కూడా పార్ట్స్ మాన్యువల్‌లోనో, డీలర్ దగ్గరో కనుక్కోండి. కాగితం రకం లైనింగ్‌ని ఉక్కు ప్లేటుకి జిగురుతో అతికిస్తారు. నీళ్లు, అంతకన్నా గ్లైకాల్, పీచునీ జిగురునీ రెండింటినీ దెబ్బతీస్తాయి. కంచు పొడిని కాల్చి అతికించిన లైనింగ్ అయితే నీళ్లకు చాలా మేలు, దానికి పీచూ లేదు జిగురూ లేదు. రెండు బండ్లలో ఒకే శాతం నీళ్లున్నా ఒకదానికి ఆయిల్ మార్పుతో సరిపోయి, ఇంకొకదానికి ఓవర్‌హాల్ అవసరమయ్యేది ఈ తేడా వల్లే.

కాగితం లైనింగ్, కూలెంట్ కలిసింది, ఆ ఆయిల్‌తో బండి రోజుల తరబడి పనిచేసింది: ఈ మూడూ కలిస్తే నేను విప్పమనే చెబుతాను, అప్పటికి క్లచ్ జారకపోయినా సరే. జారడం మొదలయ్యాక విప్పితే ప్లేట్లతో పోయేది పంపుకీ వాల్వ్ బాడీకీ కన్వర్టర్‌కీ పాకుతుంది. కూలెంట్ కలిసినా వెంటనే పట్టుకున్నారు, ఫిల్టర్ శుభ్రంగా ఉంది అంటే కొత్త కూలర్ వేసి, వీలైనంత పూర్తిగా దించుతూ కనీసం మూడుసార్లు ఆయిల్ మార్చి, గేర్ క్లచ్‌ల ప్రెషర్లు కొలిచి, తర్వాతి శాంపిల్‌లో సోడియం తగ్గిందో లేదో చూసి నిర్ణయించవచ్చు. మామూలు నీళ్లు, కొద్ది గంటల్లోనే కనబడింది అంటే రెండు పూర్తి మార్పులతో దాదాపు అన్ని బండ్లూ గట్టెక్కుతాయి. నెలల తరబడి నీళ్లతో నిలబడిపోయిన బండిని మాత్రం ఆయిల్ పోసేముందు పై కవర్ ఒకటి తీసి, టార్చ్ వేసి షాఫ్టుల మీద తుప్పు చూడండి. తుప్పు గుంతలు పడిన బేరింగ్‌ని ఏ ఆయిల్ కూడా బాగుచేయదు.

ఏ దారి పట్టినా నీళ్లు వచ్చిన దారి మూయకుండా కొత్త ఆయిల్ పోయకండి. బ్రీదర్ కొత్తది వేయండి, నీళ్లు తగలని ఎత్తుకి హోస్‌తో పెంచగలిగితే ఇంకా మంచిది. రిపేరు అయ్యాక బండి 10 గంటలు నడిచినప్పుడు ఒక శాంపిల్, 50 గంటలు నడిచినప్పుడు ఇంకొకటి తీయండి, బండి వేడిగా ఉండగా, ప్రతిసారీ ఒకేచోటు నుంచి. 50 గంటల శాంపిల్‌లో నీళ్లు మళ్లీ పెరిగితే లీకు ఇంకా ఉన్నట్టే. అప్పుడు కొత్త డ్రమ్ము కూడా ఒకసారి పరీక్షించండి. వానలో నిలువుగా పెట్టిన డ్రమ్ము పైన నీళ్లు నిలిచి, రాత్రి చల్లబడ్డప్పుడు బిరడా పక్కనుంచి లోపలికి పీలుస్తుంది. నీడ లేకపోతే డ్రమ్ముని పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెల చోట ఉండేలా తిప్పి ఉంచండి.